ఓఎంవీ 6 నుంచి 7కి మారాక సర్వర్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతే

మీ పరిస్థితిని ముందు నాలుగు ముక్కల్లో పెడతాను. ఇదే బాధతో వచ్చే ఇంకొకరికి కూడా పనికొస్తుంది. పాత డెస్క్‌టాప్‌ను ఇంట్లో స్టోరేజ్ సర్వర్‌గా వాడుతున్నారు. 120 జీబీ ఎస్‌ఎస్‌డీ మీద డెబియన్ 11 లైనక్స్, దాని మీద ఓపెన్‌మీడియావాల్ట్ (ఓఎంవీ) 6, అంటే స్టోరేజ్ సర్వర్‌ను వెబ్ పేజీ నుంచి నడిపే సాఫ్ట్‌వేర్. విడిగా రెండు 4 టీబీ డిస్కులు, రెయిడ్ 1లో, అంటే ఒకే డేటా రెండిటి మీదా ఉండేలా. ఇంటిల్లిపాది ఫొటోలు, పెళ్లి వీడియోలు అన్నీ అందులోనే. ఓఎంవీ 7కి అప్‌గ్రేడ్ చేశారు, రీబూట్ చేశారు, అంతే. వెబ్ పేజీ లేదు, ఇంకో కంప్యూటర్ నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ లేదు. టీవీకి కేబుల్ పెట్టి చూస్తే /డెవ్/ఎండీ0 (ఆ రెయిడ్ జతకు లైనక్స్ పెట్టిన పేరు) కోసం స్టార్ట్ జాబ్ నడుస్తోందంటూ నిమిషంన్నర లెక్కపెట్టి, చివరికి ఎమర్జెన్సీ మోడ్ అంది. కింద రూట్ (అడ్మిన్) అకౌంట్ లాక్ అయి ఉందని ఒక లైను. ఎంటర్ కొడితే మళ్లీ అదే తంతు. డేటా పోయిందా, మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలా అని అడిగారు.

డేటా పోలేదు. ఇన్‌స్టాల్ చేయకండి.

మీరు పెట్టిన స్క్రీన్ ఫొటో చూసే ఇంత ధీమాగా చెబుతున్నాను. బయోస్‌కు ఎస్‌ఎస్‌డీ కనిపించింది. బూట్ మొదలుపెట్టే గ్రబ్ లేచింది, లైనక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్‌ను లోడ్ చేసింది. కెర్నెల్ రూట్ ఫైల్‌సిస్టమ్‌ను మౌంట్ చేసి (వాడకానికి తగిలించి), మిగతా సర్వీసులన్నిటినీ లేపే సిస్టమ్‌డీ చేతికి అప్పగించింది. అప్‌గ్రేడ్‌లో నిజంగా విరిగితే చెమటలు పట్టించే భాగాలన్నీ మీ మెషీన్ దాటేసింది. ఆగింది ఒక్క చోట, ఎండీ0 అనే పేరున్న డివైస్ కోసం ఎదురుచూస్తూ.

"బూట్ కావట్లేదు" అన్న మాట కింద కనీసం అరడజను వేర్వేరు జబ్బులుంటాయి, ఒకదాని మందు ఇంకొకదానికి పనిచేయదు. గ్రబ్ బాగానే ఉన్నవాళ్లు నెట్‌లో చూసి గ్రబ్ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. రెయిడ్ బాగానే ఉన్నవాళ్లు రెయిడ్‌ను మళ్లీ సృష్టించబోతారు. ఆ రెండోదైతే నిజంగానే డేటా పోతుంది. కాబట్టి ఏ కమాండ్ కొట్టేముందైనా స్క్రీన్ ఎక్కడ ఆగిందో చూడాలి. హెడ్‌లెస్ సర్వర్ అని మానిటర్ పెట్టకుండా ఊహలతో రిపేరు చేయడం దండగ. మీరు టీవీకి పెట్టి ఫొటో తీయడంతోనే సగం పని అయింది.

ఇక మీ విషయం. ఏ డిస్కు ఎక్కడ మౌంట్ కావాలో రాసి ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైల్లో ఎప్పుడో చేత్తో ఒక లైను రాసుకున్నానని చెప్పారు, /డెవ్/ఎండీ0ని /ఎంఎన్‌టీ/డేటా దగ్గర మౌంట్ చేయమని, ఆప్షన్ల చోట ఉత్త డిఫాల్ట్స్ అని. గొడవంతా అక్కడే ఉంది. నోఫెయిల్ (రాకపోయినా పర్వాలేదు) లాంటి మాట లేకపోతే ఎఫ్‌స్టాబ్‌లో ఉన్న ప్రతి లైనునూ సిస్టమ్‌డీ తప్పనిసరి కిందే లెక్కేస్తుంది. ఆ డివైస్ కోసం 90 సెకన్లు చూస్తుంది, రాకపోతే లోకల్ ఫైల్‌సిస్టమ్స్ సిద్ధం కాలేదని ఎమర్జెన్సీ మోడ్‌లోకి దిగుతుంది. అప్పటికి నెట్‌వర్క్ గానీ ఎస్‌ఎస్‌హెచ్ గానీ మొదలై ఉండవు. అందుకే బయటి నుంచి సర్వర్ చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. ఓఎంవీ తానుగా రాసుకునే లైన్లలో నోఫెయిల్ అనే మాట ఉంటుంది కాబట్టి వాటికి ఈ బాధ లేదు. చేత్తో రాసిన లైన్లే ఇలా దెబ్బ కొడతాయి.

ఎండీ0 ఏమైందంటారా? చాలావరకు ఎక్కడికీ పోయుండదు, ఎండీ127 అని పేరు మార్చుకుని అక్కడే కూర్చుని ఉంటుంది. బూట్ మొదట్లో మెమరీలోకి ఎక్కే చిన్న వ్యవస్థ, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్, అప్‌గ్రేడ్‌లో కొత్త కెర్నెల్‌తో పాటు కొత్తగా తయారవుతుంది. దాని లోపలికి వెళ్లిన ఎండీఏడీఎం.కాన్ఫ్ అనే రెయిడ్ సెట్టింగుల ఫైల్లో మీ యర్రే (రెయిడ్ డిస్కుల జట్టు) లైను లేకపోయినా, పేరు సరిపోకపోయినా, లైనక్స్ యర్రేను ఎలాగూ కలుపుతుంది కానీ ఇది మనది కాదేమోనన్న అనుమానంతో 127 నుంచి కిందికి ఒక నంబరు ఇస్తుంది. డిస్కుల్లోని డేటాకు దీంతో ఏ సంబంధమూ లేదు.

ఇప్పుడు లోపలికి వెళ్దాం. కమాండ్లన్నీ ఇక్కడ తెలుగు అక్షరాల్లో ఇస్తున్నాను, టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి.

డెబియన్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రూట్ పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేసి ఉంటారు. అలా చేస్తే డెబియన్ రూట్ అకౌంట్‌ను లాక్ చేసి, మీ యూజర్‌కు సుడోతో అడ్మిన్ పనులు చేసే అధికారం ఇస్తుంది. రోజువారీ వాడకానికి మంచి పద్ధతే. ఎమర్జెన్సీ మోడ్ మాత్రం రూట్ పాస్‌వర్డే అడుగుతుంది, అది లేదు కాబట్టి తలుపు తెరుచుకోదు. పక్కదారి గ్రబ్‌లో ఉంది. యూఎస్‌బీ కీబోర్డు పెట్టి, పవర్ ఆన్ చేయగానే పాత బయోస్ మెషీన్ అయితే షిఫ్ట్ నొక్కి పట్టుకోండి. దాని తర్వాతి తరం యూఈఎఫ్‌ఐ అయితే ఎస్కేప్ ఒకసారి తట్టండి. కంగారులో ఎస్కేప్ ఎక్కువసార్లు తడితే మెనూ దాటిపోయి గ్రబ్ అనే ఉత్త ప్రాంప్ట్ వస్తుంది. భయపడొద్దు, నార్మల్ అని టైప్ చేసి ఎంటర్ కొట్టి, వెంటనే ఎస్కేప్ మళ్లీ ఒకసారి తడితే మెనూ వస్తుంది.

మెనూలో మొదటి లైను మీద ఉండి ఇంగ్లీషు 'ఈ' అక్షరం నొక్కండి. ఎడిటర్ లాంటిది తెరుచుకుంటుంది. అందులో లైనక్స్ అనే మాటతో మొదలయ్యే పొడుగాటి లైను ఒకటుంటుంది, వీఎంలైనజ్ అని, రూట్=యూయూఐడీ అని ఉంటుంది చూడండి. దాని చివర క్వైట్ అని ఉంటే తీసేసి, ఇది రాయండి:

ఇనిట్=/బిన్/బ్యాష్

కంట్రోల్, ఎక్స్ కలిపి నొక్కండి, లేదా ఎఫ్10. ఈ మార్పు ఈ ఒక్క బూట్‌కే, ఎక్కడా సేవ్ కాదు, కాబట్టి తప్పు పడినా నష్టం లేదు. కాసేపు అక్షరాలు పరిగెత్తి, జాబ్ కంట్రోల్ లేదని ఏదో సణిగి, చివరికి # గుర్తుతో ప్రాంప్ట్ ఇస్తుంది. ఆ సణుగుడు పట్టించుకోకండి. ఇప్పుడు మీరే రూట్. డిస్కు మాత్రం చదవడానికే తెరిచి ఉంటుంది, రాయడానికి తెరవాలి:

మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యూ /

నానో /ఈటీసీ/ఎఫ్‌స్టాబ్

ఎండీ0 ఉన్న లైను ముందు # పెట్టండి. తీసేయకండి, తర్వాత చూసి రాసుకోవడానికి ఉంటుంది. అదే ఫైల్లో ఓపెన్‌మీడియావాల్ట్ అని బాణం గుర్తులతో మొదలై, మళ్లీ బాణం గుర్తులతో ముగిసే భాగం ఒకటుంటుంది. దాని జోలికి పోవద్దు, అది ఓఎంవీ సొంత ఆస్తి. మీరు అక్కడ ఏం రాసినా తర్వాత తుడిచేసి తన పాఠం తాను రాసుకుంటుంది. కంట్రోల్ ఓ, ఎంటర్, కంట్రోల్ ఎక్స్‌తో సేవ్ చేసి బయటికొచ్చి:

సింక్

ఎక్సెక్ /ఎస్‌బిన్/ఇనిట్

మామూలు బూట్ కొనసాగుతుంది. ఒకట్రెండు నిమిషాల్లో ఎస్‌ఎస్‌హెచ్ రావాలి. టీవీ కేబుల్ ఇప్పుడే తీసేయకండి, ఇంకో రీబూట్ ఉంది.

లోపలికి రాగానే కొట్టాల్సిన మొదటి కమాండ్ ఏమీ మార్చనిది, చూసేది మాత్రమే:

క్యాట్ /ప్రాక్/ఎండీస్టాట్

ఎండీ127, యాక్టివ్, రెయిడ్1 అని వచ్చి, పక్కన బ్రాకెట్లో రెండు యూలు కనిపిస్తే రెండు డిస్కులూ క్షేమం. ఆటో-రీడ్-ఓన్లీ అని ఉన్నా కంగారొద్దు. ఎవరూ ఇంకా రాయలేదు కాబట్టి అలా ఆగి ఉంది, మొదటిసారి రాయగానే మామూలు స్థితికి వస్తుంది. ఒక యూ, ఒక అండర్‌స్కోర్ కనిపిస్తే ఒక డిస్కు జట్టు నుంచి బయటికొచ్చింది. డేటా ఇంకా ఉంది కానీ కాపలా ఒక్కటే మిగిలింది. అప్పుడు ముందుగా సాటా కేబుల్, పవర్ కేబుల్ చూసి, స్మార్ట్‌సీటీఎల్‌తో ఆ డిస్కు ఆరోగ్యం చూడాలి. యర్రే ఇన్‌యాక్టివ్ అని ఉంటే దాన్ని ఎండీఏడీఎం --స్టాప్‌తో ఆపి, ఇలా మళ్లీ కలపమనాలి:

ఎండీఏడీఎం --అసెంబుల్ --స్కాన్ --వెర్బోస్

ఒక్క మాట గట్టిగా చెబుతాను. వెతికితే ఎవరో ఒకరు ఎండీఏడీఎం --క్రియేట్ కొట్టమని చెప్పి ఉంటారు. కొట్టకండి. అసెంబుల్ అంటే డిస్కుల మీద ఉన్న గుర్తులు చదివి జట్టు కట్టడం. క్రియేట్ అంటే ఆ గుర్తుల మీద కొత్త గుర్తులు రాయడం. డేటా ఎక్కడ మొదలవుతుందన్న లెక్క పాత వెర్షన్‌కూ కొత్త వెర్షన్‌కూ కాస్త తేడా వచ్చినా ఫైల్‌సిస్టమ్ చదవడానికి రాదు. ఎవరైనా ఎక్స్‌పర్ట్ పక్కన కూర్చుని చేయించే ఆఖరి ప్రయత్నం అది, అది కూడా డిస్కుల కాపీల మీద.

ఇక ఎఫ్‌స్టాబ్ లైనును సరిగ్గా రాద్దాం. పేరుకు బదులు యూయూఐడీ, అంటే ఫైల్‌సిస్టమ్‌కు ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్య, వాడాలి, ఎండీ0 అయినా ఎండీ127 అయినా అది మారదు.

బీఎల్‌కేఐడీ /డెవ్/ఎండీ127

ఇక్కడ చాలామంది కాలు జారుతుంటారు. బీఎల్‌కేఐడీని ఊరికే కొడితే ఎస్‌డీబీ, ఎస్‌డీసీల పక్కన కూడా యూయూఐడీ కనిపిస్తుంది, టైపు లైనక్స్_రెయిడ్_మెంబర్ అని ఉంటుంది. అది యర్రే గుర్తు, ఫైల్‌సిస్టమ్‌ది కాదు. అది ఎఫ్‌స్టాబ్‌లో పెడితే డిస్కు మౌంట్ కాదు, నోఫెయిల్ కూడా లేకపోతే మళ్లీ 90 సెకన్లు, మళ్లీ ఎమర్జెన్సీ. టైపు ఈఎక్స్‌టీ4 అని ఉన్న లైనులోని యూయూఐడీయే తీసుకోవాలి. కొత్త లైను ఇలా ఉండాలి, 'మీది' అన్నచోట మీ యూయూఐడీ పెట్టుకోండి, మొదటి యూయూఐడీ అన్న మాట మాత్రం ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో రాయండి:

యూయూఐడీ=మీది /ఎంఎన్‌టీ/డేటా ఈఎక్స్‌టీ4 డిఫాల్ట్స్,నోఫెయిల్,ఎక్స్-సిస్టమ్‌డీ.డివైస్-టైమౌట్=15ఎస్ 0 2

ఆ తర్వాత రీబూట్ కొట్టి దేవుడి మీద భారం వేయనక్కర్లేదు, కూర్చున్నచోటే పరీక్షించొచ్చు:

సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్

ఫైండ్‌ఎంఎన్‌టీ --వెరిఫై

మౌంట్ -ఏ

మధ్యలోది ఎఫ్‌స్టాబ్ మొత్తాన్ని చదివి అక్షర దోషాలు, లేని డివైస్‌లు పట్టిస్తుంది. ఎందుకోగానీ దీని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. ఎఫ్‌స్టాబ్ ముట్టుకున్న ప్రతిసారీ రీబూట్‌కు ముందు కొట్టాల్సిన కమాండ్ ఇది.

అన్నిటికన్నా మంచి పద్ధతి, ఓఎంవీ వెబ్ పేజీలో స్టోరేజ్, ఫైల్ సిస్టమ్స్‌లోకి వెళ్లి, ఉన్న ఫైల్‌సిస్టమ్‌ను మౌంట్ చేసే బటన్ వాడటం. అప్పుడది /ఎస్‌ఆర్‌వీ కింద యూయూఐడీ పేరుతో మౌంట్ అవుతుంది, ఎఫ్‌స్టాబ్ సంగతి ఓఎంవీయే చూసుకుంటుంది. మీరు యాప్‌లు నడిపే డాకర్‌లో /ఎంఎన్‌టీ/డేటా అని దారులు రాసుకుని ఉంటారు, అవన్నీ మార్చాలి కాబట్టి ఇవాళ్టికి వద్దు, తీరిక దొరికినప్పుడు చూసుకోండి. ఇంకోటి, ఓఎంవీ 7లో రెయిడ్ మెనూ కనిపించకపోతే గుండె గుభేలుమననక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ రెయిడ్‌ను ఈ వెర్షన్‌లో ప్లగిన్‌గా విడదీశారు, పేరు ఓపెన్‌మీడియావాల్ట్-ఎండీ. అది వేసుకుంటే మెనూ వస్తుంది. మెనూ లేనప్పుడు కూడా రెయిడ్ తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది.

నోఫెయిల్ గురించి ఒక హెచ్చరిక ఉంది. దాన్ని అందరూ సర్వరోగనివారిణిలా రాసేస్తారు, కానీ దాని దుష్ఫలితం గురించి చెప్పరు. నోఫెయిల్ ఉంటే డిస్కు రాకపోయినా సర్వర్ లేస్తుంది. లేచాక డాకర్ కూడా లేస్తుంది. /ఎంఎన్‌టీ/డేటా అనేది అప్పుడు ఎస్‌ఎస్‌డీ మీదున్న ఖాళీ ఫోల్డరు మాత్రమే. ఫొటోల యాప్ అక్కడ ఏమీ లేదని చూసి కొత్త డేటాబేస్ మొదలుపెడుతుంది, ఫోన్లన్నీ ఫొటోలు మళ్లీ పంపడం మొదలుపెడతాయి, 120 జీబీ ఎస్‌ఎస్‌డీ నిండిపోతుంది. రూట్ డిస్కు నిండాక ఓఎంవీ వెబ్ పేజీలో లాగిన్ కూడా సరిగా జరగదు. ఇంట్లోవాళ్లేమో ఫొటోలన్నీ మాయమయ్యాయని ఫోన్ చేస్తారు. దీనికి చిన్న చిట్కా ఉంది. డిస్కు మౌంట్ కాకుండా ఉన్నప్పుడు ఆ ఖాళీ ఫోల్డరుకు తాళం వేయండి:

చాట్ర్ +ఐ /ఎంఎన్‌టీ/డేటా

ఆ స్పెల్లింగు సీ, హెచ్, ఏ, రెండు టీలు, ఆర్. ఇక డిస్కు లేనప్పుడు రూట్ కూడా అందులో ఒక్క ఫైలు రాయలేడు, డాకర్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. డిస్కు వచ్చి పైన మౌంట్ అయితే తాళంతో పనిలేకుండా మామూలుగా నడుస్తుంది. కొట్టేముందు డిస్కు నిజంగా అన్‌మౌంట్ అయి ఉందో లేదో ఫైండ్‌ఎంఎన్‌టీ /ఎంఎన్‌టీ/డేటా అని చూసుకోండి. ఏమీ రాకపోతే అన్‌మౌంట్ అయినట్టే.

ఇదయ్యాక అప్‌గ్రేడ్ పూర్తిగా జరిగిందా, మధ్యలో ఆగిందా చూడాలి. /ఈటీసీ/డెబియన్_వెర్షన్ ఫైలులో 12తో మొదలయ్యే నంబరు ఉండాలి. యూనేమ్ -ఆర్ అంటే డెబియన్ 12 సొంత కెర్నెల్ 6.1 రావాలి. ఇంకా 5.10 అంటుంటే పాత కెర్నెల్‌తోనే నడుస్తోందన్నమాట. బ్యాక్‌పోర్ట్స్ కెర్నెల్ వేసుకున్నవాళ్లకు నంబరు ఇంకా పెద్దది ఉంటుంది, అది తప్పు కాదు. మధ్యలో కరెంటు పోయినవాళ్లు, ఎస్‌ఎస్‌హెచ్ తెగిపోయినవాళ్లు ఈ రెండూ కొట్టాలి:

డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ

ఏపీటీ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్

వెబ్ పేజీ తెరిస్తే 502 బ్యాడ్ గేట్‌వే వస్తే కూడా సాధారణంగా ఇదే కారణం. వెబ్ పేజీ వెనక పనిచేసే పీహెచ్‌పీ డెబియన్ 11లో 7.4, 12లో 8.2. ఒకటి పోయి ఇంకొకటి పూర్తిగా కుదురుకోకముందే ఆగిపోతే వెబ్ సర్వర్ ఎన్‌జింక్స్ తలుపు కొడుతుంది, లోపల ఎవరూ ఉండరు. ప్యాకేజీలు సరిచేసి ఓఎంవీ-సాల్ట్ స్టేజ్ రన్ డిప్లాయ్ కొడితే చాలావరకు కుదురుకుంటుంది.

మీ సమస్య ఇక్కడితో తీరాలి. ఇదే శీర్షిక చూసి వచ్చేవాళ్ల స్క్రీన్ వేరేగా ఉండొచ్చు కాబట్టి మిగతావి కూడా చెబుతాను.

గ్రబ్ రెస్క్యూ అని ప్రాంప్ట్ వచ్చి, పైన ఏదో సింబల్ దొరకలేదని ఉంటే, అది గ్రబ్ రెండు ముక్కల మధ్య తగాదా. గ్రబ్ మొదటి ముక్క డిస్కు మొదట్లో దాక్కుని ఉంటుంది, రెండో ముక్క /బూట్/గ్రబ్ ఫోల్డర్లో మాడ్యూళ్లుగా ఉంటుంది. అప్‌గ్రేడ్ ఫోల్డర్‌ను కొత్తది చేసింది, డిస్కు మొదట్లో ఉన్న పాత ముక్కను మాత్రం మార్చలేదు. పాతది కొత్తదాని భాష అర్థం చేసుకోలేక ఆగిపోయింది. ఇలా ఎక్కువగా జరిగేది ఎస్‌ఎస్‌డీని క్లోన్ చేసి పెద్దదానికి మారినవాళ్లకు. గ్రబ్‌ను ఏ డిస్కు మీద వేయాలన్నది డెబియన్ ఆ డిస్కు మోడలు, సీరియల్ నంబరుతో సహా గుర్తుపెట్టుకుంటుంది. మీరు క్లోన్ చేసి పాతది పీకేసినా దాని దృష్టిలో ఇంకా పాత డిస్కే. 2020 జులైలో గ్రబ్‌లోని బూట్‌హోల్ అనే భద్రతా లోపానికి అప్‌డేట్లు వచ్చినప్పుడు కూడా సరిగ్గా ఇలాగే బోలెడు మెషీన్లు గ్రబ్_కాలాక్ సింబల్ లేదంటూ ఆగిపోయాయి.

దీనికి లైవ్ యూఎస్‌బీ, అంటే పెన్‌డ్రైవ్ నుంచే నేరుగా నడిచే లైనక్స్, కావాలి. డెబియన్ లైవ్ గానీ సిస్టమ్‌రెస్క్యూ గానీ ఏదైనా సరే. యూఈఎఫ్‌ఐ మెషీన్ అయితే ఆ యూఎస్‌బీని కూడా యూఈఎఫ్‌ఐ మోడ్‌లోనే బూట్ చేయాలి, బయోస్ బూట్ మెనూలో అదే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తుంది, యూఈఎఫ్‌ఐ అని ముందు ఉన్నది ఎంచుకోండి. రూట్ పార్టిషన్‌ను /ఎంఎన్‌టీ దగ్గర మౌంట్ చేసి, యూఈఎఫ్‌ఐ అయితే ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ను దాని లోపలి /బూట్/ఈఎఫ్‌ఐ దగ్గర మౌంట్ చేసి, /డెవ్, /ప్రాక్, /సిస్‌లను బైండ్ చేసి, చ్‌రూట్‌తో లోపలికి వెళ్లాలి. అక్కడ గ్రబ్-ఇన్‌స్టాల్, దాని తర్వాత అప్‌డేట్-గ్రబ్. బయోస్ మెషీన్లలో గ్రబ్-ఇన్‌స్టాల్ పక్కన డిస్కు పేరు ఇవ్వాలి, /డెవ్/ఎస్‌డీఏ అని, ఎస్‌డీఏ1 అని కాదు. లైవ్ యూఎస్‌బీలో డిస్కుల పేర్లు అటూఇటూ అవుతాయి, నిన్నటి ఎస్‌డీఏ ఇవాళ ఎస్‌డీసీ కావొచ్చు. ఎల్‌ఎస్‌బీఎల్‌కేలో సైజు, మోడలు చూసుకోకుండా ఎంటర్ కొట్టకండి. డేటా డిస్కుల సాటా కేబుళ్లు పీకేసి ఈ పని చేయడం ఇంకా నయం, ప్రశాంతంగా ఉంటుంది. ఆఖర్న డీపీకేజీ-రీకాన్ఫిగర్ గ్రబ్-పీసీ కొట్టి సిస్టమ్ డిస్కు ఒక్కదానికే టిక్కు పెట్టండి, వచ్చే అప్‌గ్రేడ్‌లో ఇదే తలనొప్పి రాకుండా.

యూఈఎఫ్‌ఐ మెషీన్లలో గ్రబ్ అసలు రాకుండా నేరుగా బయోస్ సెటప్‌లోకి వెళ్లిపోతుంటే, మదర్‌బోర్డు డెబియన్ పేరును మర్చిపోయింది. కొన్ని బోర్డులకు ఆ మతిమరుపు పుట్టుకతోనే ఉంటుంది. అక్కడ గ్రబ్-ఇన్‌స్టాల్‌కు --ఫోర్స్-ఎక్స్‌ట్రా-రిమూవబుల్ అని కలిపితే అన్ని బోర్డులూ వెతికే మామూలు చోట కూడా ఒక కాపీ పెడుతుంది.

ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ అని బ్రాకెట్లో ప్రాంప్ట్ వచ్చి, ఫలానా యూయూఐడీ లేదు అని అలర్ట్ ఉంటే రూట్ డిస్కు కెర్నెల్‌కు కనబడలేదు. ఎగ్జిట్ అని కొట్టి చూడండి. పెన్‌డ్రైవ్ మీద ఓఎంవీ పెట్టుకున్నవాళ్లకు ఒక్కోసారి అది ఆలస్యంగా లేస్తుంది, రెండో ప్రయత్నంలో బూట్ అయిపోతుంది. అదే కారణమైతే గ్రబ్ లైనులో రూట్‌డిలే=10 కలపాలి. కుదరకపోతే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నెల్ ఎంచుకోండి. పాతది బూట్ అయితే కొత్తదాని ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ సగంలో ఆగి ఉంటుంది, తరచుగా /బూట్ నిండిపోవడం వల్లే. డీఎఫ్ -హెచ్‌తో చూసి, పాత కెర్నెళ్లను ఏపీటీ ఆటోరిమూవ్‌తో తీసి, అప్‌డేట్-ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ -యూ -కే ఆల్ కొట్టాలి. అదే ప్రాంప్ట్ దగ్గర ఎఫ్‌ఎస్‌సీకే చేత్తో నడపమని అడుగుతుంటే మాత్రం సంగతి వేరు, ఫైల్‌సిస్టమ్ దెబ్బతింది. అడిగిన డిస్కు మీద ఎఫ్‌ఎస్‌సీకే -వై నడపొచ్చు, కానీ ఎస్‌ఎస్‌డీయే చావుబతుకుల్లో ఉంటే దాన్ని బాగుచేయబోయి చంపినట్టవుతుంది. ముందు లైవ్ యూఎస్‌బీ నుంచి స్మార్ట్‌సీటీఎల్‌తో దాని ఆరోగ్యం చూడండి.

జడ్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో రకం ఫైల్‌సిస్టమ్ వాడేవాళ్ల కథ కొంచెం వేరు. మెషీన్ బూట్ అవుతుంది, పూల్ (దాని డిస్కుల జట్టు) మాత్రం ఉండదు. కొత్త కెర్నెల్‌కు జడ్‌ఎఫ్‌ఎస్ మాడ్యూల్, వాటిని తయారుచేసే డీకేఎంఎస్‌తో కంపైల్ కాలేదన్నమాట, ఆ కెర్నెల్ హెడర్ల ప్యాకేజీ లేకపోవడమే మామూలు కారణం. డీకేఎంఎస్ స్టేటస్‌లో తెలిసిపోతుంది. పూల్ వచ్చాక జడ్‌పూల్ స్టేటస్ మీకు పూల్‌ను అప్‌గ్రేడ్ చేసుకోవచ్చని ఊరిస్తుంది. ఒక నెలైనా ఆగండి. అది చేశాక పాత సిస్టమ్‌కు వెనక్కి వెళ్లే దారి మూసుకుపోవచ్చు.

అసలు ఏమీ రాకపోతే? స్క్రీన్ నల్లగా, ఫ్యాన్ మాత్రం తిరుగుతూ. ఇక్కడ అప్‌గ్రేడ్‌ను తిట్టేముందు ఆలోచించండి, ఈ సర్వర్‌కు ఆఖరిసారి కరెంటు ఎప్పుడు ఆపి వేశారు? నెలల తరబడి ఆగకుండా నడిచిన పాత మెషీన్లలో సీమాస్ బ్యాటరీ, ఆ సీఆర్2032 బిళ్ళ, చడీచప్పుడు లేకుండా అయిపోయి ఉంటుంది. కరెంటు ఉన్నంతసేపూ తెలియదు. స్విచ్ ఆపి వేయగానే బయోస్ సెట్టింగులన్నీ ఫ్యాక్టరీకి వెళ్లిపోతాయి. సాటా మోడ్ ఏహెచ్‌సీఐ నుంచి రెయిడ్‌కో ఐడీఈకో మారిపోవచ్చు, బూట్ క్రమం మారిపోవచ్చు, కీబోర్డు లేదంటూ ఎఫ్1 కోసం ఆగొచ్చు. బయోస్‌లో తేదీ ఏళ్ల వెనక్కి చూపిస్తోందంటే దొంగ దొరికాడు. కిరాణా కొట్లో కూడా దొరికే బిళ్ళ అది. ఇలాంటి కేసుల్లో తప్పు అప్‌గ్రేడ్‌ది కాదు.

ఇంకో రకం, సర్వర్ నిక్షేపంగా బూట్ అయి లాగిన్ ప్రాంప్ట్ దగ్గర కూర్చుని ఉంటుంది, నెట్‌వర్క్ మాత్రం ఉండదు. నెట్‌వర్క్ కార్డు పేరు ఈఎన్‌పీ3ఎస్0 నుంచి ఇంకోదానికి మారితే పాత పేరుకు రాసిన సెట్టింగులు గాల్లో ఉంటాయి. ఐపీ ఏ కొట్టి పేరు చూసి, రూట్‌గా ఓఎంవీ-ఫస్ట్‌ఎయిడ్ నడిపి మొదటి ఆప్షన్‌తో నెట్‌వర్క్ మళ్లీ సెట్ చేస్తే అయిపోతుంది. పేరు మారకపోయినా కార్డు లేవకపోతే ఫర్మ్‌వేర్ చూడండి. డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్ ప్యాకేజీలు నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ అనే కొత్త విభాగంలోకి మారాయి. సోర్సెస్.లిస్ట్‌లో ఆ మాట లేకపోతే అవి అప్‌డేట్ కావు. రియల్‌టెక్ చిప్పులున్న చవక బోర్డుల్లో ఇది తగులుతుంది.

ఇన్ని చేసినా కుదరకపోతే, లేదా మీకు ఓపిక అయిపోతే, మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం నేరమేమీ కాదు. ఓఎంవీలో సిస్టమ్ వేరు, డేటా వేరు కాబట్టి అది సంసారం మునిగిపోయేంత పని కాదు. డేటా డిస్కులు రెండూ పీకేయండి, ఎస్‌ఎస్‌డీ ఒక్కటే ఉంచి ఇన్‌స్టాల్ చేయండి, షట్‌డౌన్ చేసి డిస్కులు తగిలించండి. ఎండీ ప్లగిన్ వేసి, ఫైల్ సిస్టమ్స్‌లో ఉన్నదాన్ని మౌంట్ చేసే బటన్ మాత్రమే నొక్కండి. క్రియేట్, వైప్ అన్న బటన్ల వైపు చూడకండి. షేర్డ్ ఫోల్డర్లు, యూజర్లు, సాంబా మళ్లీ పెట్టుకోవడానికి ఒక సాయంత్రం పడుతుంది. పాత సెట్టింగులు కావాలంటే చెరిపేముందు పాత ఎస్‌ఎస్‌డీ నుంచి /ఈటీసీ/ఓపెన్‌మీడియావాల్ట్/కాన్ఫిగ్.ఎక్స్‌ఎంఎల్ కాపీ తీసుకోండి. దాన్ని కొత్తదాంట్లో పడేస్తే పనిచేస్తుందని అనుకోకండి, చూసి రాసుకోవడానికి మాత్రమే. వీలైతే కొత్త ఎస్‌ఎస్‌డీ కొని పాతది అలాగే పక్కన పెట్టేయడం మేలు.

ఓఎంవీ 8 సంగతి కూడా అడిగారు. అది డెబియన్ 13 మీద నడుస్తుంది. 11 నుంచి నేరుగా 13కి దూకడం డెబియన్ ఒప్పుకోదు, కాబట్టి 7 మీద నిలదొక్కుకున్నాకే. ఆ రోజు మాత్రం ముందుగా క్లోన్‌జిల్లాతో ఎస్‌ఎస్‌డీ ఇమేజ్ ఒకటి తీసి పెట్టుకోండి. వాడిన భాగాన్నే కాపీ చేస్తుంది కాబట్టి ఫైలు చిన్నదే అవుతుంది. అప్‌గ్రేడ్ మొదలుపెట్టే ముందే ఒకసారి ఊరికే షట్‌డౌన్ చేసి, స్విచ్ ఆపి వేసి చూడండి, బ్యాటరీ బిళ్ళలు, ఎఫ్‌స్టాబ్ పాత పాపాలు అప్పుడే బయటపడతాయి. ఎస్‌ఎస్‌హెచ్‌లో స్క్రీన్ లేదా టీమక్స్ అనే ప్రోగ్రామ్ తెరిచి అందులో ఓఎంవీ-రిలీజ్-అప్‌గ్రేడ్ నడపండి, వైఫై తెగినా అది ఆగదు. ఇన్వర్టర్ లైను లేని ప్లగ్గులో సర్వర్ ఉంటే ఆ ఒక్క గంటకైనా మార్చండి. ఇంటర్నెట్ రూటర్‌ను కూడా.

లైను ముందు # పెట్టాక కూడా ఎమర్జెన్సీ మోడే వస్తే, ఇనిట్=/బిన్/బ్యాష్ దారిలోనే మళ్లీ లోపలికి వెళ్లి ఎఫ్‌స్టాబ్ మొత్తం, ఎల్‌ఎస్‌బీఎల్‌కే -ఎఫ్, ఎండీస్టాట్, ఈ మూడింటి ఫొటోలు పెట్టండి. టీవీ స్క్రీన్ మీద ఫ్లాష్ పడకుండా తీయండి, మొదటి ఫొటోలో సగం లైను కనబడలేదు.